కిడ్నీ రాళ్లు తీయించినాక మళ్లీ మళ్లీ వస్తుంటే: ఏం చేయాల, ఏ వరసలో?

హంద్రీగట్టు (కర్నూలు)
రాయి పడిపోయినా, లేజరుతో తీయించినా డిశ్చార్జి కాగితంలో చివర "నీళ్లు బాగా తాగాలి" అని ఒక్క లైను ఉంటుంది. అంతే. రెండు మూడేళ్లకు మళ్లీ నడుము పక్కన నొప్పి, మళ్లీ స్కానింగు. ఇట్ల పదేపదే రాళ్లు కట్టేవాళ్లు తీయించుకున్న తర్వాత చేయాల్సిన పనులేంది? వాట్సాప్‌లో తిరిగే జాబితాలో టమోటా, వంకాయ, పాలు, పెరుగు, పాలకూర, శెనక్కాయలు అన్నీ మానమని ఉంది. అవన్నీ మానితే మన పక్క ఇంక తినేదేముంది? తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

గడియారస్తంభం (అనంతపురం)
ముందు రాయి ఏ రకమో తెలియాల. అది తెలియకుండా పెట్టే పథ్యం గుడ్డిగా పెట్టేదే.

ఆపరేషన్‌కు పోయే ముందే డాక్టరుతో చెప్పి పెట్టుకోండి, ముక్కలు పరీక్షకు కావాలని. దానంతట అదే పడే రాయి అయితే టీ వడపోసే జల్లెడ గానీ పల్చటి తెల్లగుడ్డ గానీ అడ్డం పెట్టి మూత్రం పోయాల. దొరికిన ముక్కను నీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, పొడి డబ్బాలో వేయాల. స్పిరిట్లో నానేయొద్దు. కాగితానికి పెట్టి టేపు అంటించొద్దు, జిగురు అంటితే పరీక్ష చెడుతుంది. ఎఫ్‌టీఐఆర్ అనే పద్ధతిలో చేసే ల్యాబుకే పంపమని అడగండి.

ఎక్కువమందికి వచ్చేది కాల్షియం ఆక్సలేట్. తర్వాత యూరిక్ యాసిడ్, కాల్షియం ఫాస్ఫేట్, ఇన్ఫెక్షన్ వల్ల కట్టే స్ట్రువైట్. పుట్టుకతో వచ్చే లోపం వల్ల కట్టే సిస్టీన్ చానా అరుదు. దారులు వేరువేరు. యూరిక్ యాసిడ్ రాయి మందుతోనే కరుగుతుంది, కోత అవసరం రాకపోవచ్చు. స్ట్రువైట్ అయితే చిన్న ముక్క మిగిలినా దాంట్లో సూక్ష్మజీవులు ఉండిపోయి మళ్లీ పెరుగుతుంది, కాబట్టి మొత్తం తీసేయాల్సిందే. కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే మందు ఇంతవరకూ లేదు. కరిగిస్తామని బోర్డు పెట్టినోళ్ల దగ్గరికి పోయే ముందు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

రాయి దొరకలేదా? సీటీ రిపోర్టులో హెచ్‌యూ అని, రాయి ఎంత దట్టమో చూపే ఒక అంకె ఉంటుంది. 500 లోపుంటే యూరిక్ యాసిడ్ అయ్యే అవకాశం ఎక్కువ, 1000 దాటితే గట్టి కాల్షియం రాయి. ఎక్స్‌రేలో కనపడకుండా స్కానింగులో మాత్రమే కనపడి, మూత్రం పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ఎప్పుడూ 5.5 లోపే ఉందంటే యూరిక్ యాసిడ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. షుగరున్న వాళ్లలో ఈ రకం ఎక్కువ, వాళ్ల మూత్రానికి పులుపు ఎక్కువ కాబట్టి.

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితనం చూపేది), కాల్షియం, యూరిక్ యాసిడ్, పొటాషియం, బైకార్బొనేట్ చూపించుకోవాల. కాల్షియం పైన ఉంటే పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) కూడా. మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథి పెరిగి రాళ్లు కడుతుంటే, ఆ గ్రంథి సంగతి చూసేదాకా ఎన్ని నీళ్లు తాగినా రాళ్లు ఆగవు.

కడప_ల్యాబు
పైనన్న చెప్పినవాటికి తోడు 24 గంటల మూత్ర పరీక్ష. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు దీన్ని మించింది లేదు. సేకరించేటప్పుడే చెడగొట్టుకుంటారు చానామంది, అందుకని వివరంగా రాస్తున్నాను.

పొద్దున లేచి మొదటి మూత్రం బయటికే పోయండి. ఆ టైము రాసుకోండి, 6 గంటలు అనుకుందాం. అక్కణ్ణుంచి వచ్చే ప్రతి చుక్కా డబ్బాలోకి. దొడ్డికి పోయేటప్పుడు వచ్చేది కూడా, దాన్నే అందరూ మర్చిపోతారు. మర్నాడు పొద్దున 6కు వచ్చే మొదటి మూత్రం డబ్బాలోకి పోయాల. దాంతో అయిపోయినట్టు. డబ్బా నీడన, వీలైతే ఫ్రిజ్‌లో. మే నెలలో రేకుల కింద పెడితే సూక్ష్మజీవులు పెరిగి పీహెచ్ మారిపోతుంది.

కాల్షియం, ఆక్సలేట్, రాయిని అడ్డుకునే సిట్రేట్‌ల కోసం ఇచ్చే డబ్బాలో ఆమ్లం పోసి ఇస్తారు. దాంట్లోకి నేరుగా పోయొద్దు, ఒళ్లు కాలుతుంది. వేరే మగ్గులో పట్టి నిదానంగా వంచాల. యూరిక్ యాసిడ్, పీహెచ్ చూడాలంటే ఆమ్లం లేని డబ్బా వేరే ఉంటుంది. ఒకే డబ్బాలో రెండూ తేలవు.

మన పక్క ల్యాబుల్లో మొత్తం డబ్బా పోదు. కొలిచి, బాగా కలిపి, చిన్న సీసాలో కొంచెం హైదరాబాద్‌కో బెంగళూరుకో పంపిస్తారు. మొత్తం ఎన్ని మిల్లీలీటర్లో మీ కళ్ల ముందే రాయించండి. ఆ అంకె తప్పితే రిపోర్టు మొత్తం తప్పు.

రిపోర్టు వచ్చినాక ముందు క్రియాటినిన్ చూడండి, అది రోజూ దాదాపు ఒకే మోతాదులో పోతుంది కాబట్టి మూత్రం మొత్తం పట్టారో లేదో చెప్తుంది. మగవాళ్లకు కిలో బరువుకు 20 నుంచి 25 మి.గ్రా., ఆడవాళ్లకు 15 నుంచి 20. అంటే 60 కిలోల మగమనిషికి 1200 నుంచి 1500 రావాల. 600 వచ్చిందంటే సగం మూత్రం బయట పోయినట్టే, మిగతా అంకెలు చూసి మందు రాయించుకోవద్దు. వయసు మళ్లినవాళ్లకు, కండ తగ్గినవాళ్లకు కొంచెం తక్కువే వస్తుంది.

రాయి పడిన వెంటనే, ఆపరేషన్ అయిన వెంటనే ఇది చేయించొద్దు. నెలా నెలన్నర ఆగాల. సేకరించే రోజు మామూలుగా ఏం తింటారో అదే తినండి. పరీక్ష ఉందని ఆ ఒక్కరోజు బిందెడు నీళ్లు తాగితే రిపోర్టు అందంగా వస్తుంది, రాయి మాత్రం ఆగదు.

హంద్రీగట్టు (కర్నూలు)
చానా మంచిది అన్నా. మరి ఆ నీళ్లు ఎన్ని? కొందరు మూడు లీటర్లంటారు, కొందరు ఐదు.

తాడిపత్రి_బండలు
తాగేది లెక్క పెట్టొద్దు, పోసేది లెక్క పెట్టండి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాల. బండల పాలిషింగు మిషన్ల దగ్గర, గనుల్లో, మడికాడ ఎండలో పనిచేసే మనిషికి చెమటకే లీటర్లు పోతాయి. అదే మనిషి జనవరిలో మూడు లీటర్లు తాగితే చాలేమో, ఏప్రిల్లో ఐదు తాగినా చాలకపోవచ్చు. ఏసీ గదిలో కూర్చునేవాళ్లకు చెప్పిన లెక్క వీళ్లకు పనికిరాదు.

కొలిచేది సులభం. సెలవు రోజున రెండు లీటర్ల ఖాళీ సీసా పెట్టుకుని రోజంతా దాంట్లో పట్టండి. అది నిండి ఇంకో అర లీటరు వచ్చిందంటే సరే. ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి కొలుచుకోవాల. రోజువారీగా రంగు చూసుకుంటే చాలు. లేత గడ్డి రంగు దాటి పసుపు ముదిరిందంటే అప్పటికే ఆలస్యం.

పొద్దున చెంబుడు తాగేసి సాయంత్రం దాకా మర్చిపోతే లాభం లేదు. గంటకో గ్లాసు. అసలు మోసం రాత్రి జరుగుతుంది. ఏడు గంటల నిద్రలో మూత్రం చిక్కబడుతుంది. పడుకోబోయే ముందు రెండు గ్లాసులు తాగితే నడిజాములో ఒకసారి లేవాల్సొస్తుంది. లేచినప్పుడు ఇంకో గ్లాసు. నిద్ర చెడుతుందని ఈ ఒక్కటి వదిలేసేవాళ్లే ఎక్కువ.

పొలం పనికి పోయే ఆడవాళ్లు మరుగు లేదని పొద్దున్నుంచి నోరు కట్టుకుంటారు. వాళ్లకు "నీళ్లు తాగండి" అని చెప్పేది కాదు, పనికాడ మరుగుదొడ్డి ఏర్పాటు చేసేది కూడా వైద్యమే.

గడియారస్తంభం (అనంతపురం)
నీళ్లతో లాభం ఎంతో కొలిచి చూసిన పరీక్ష ఉంది. ఇటలీలో మొదటిసారి రాయి వచ్చినవాళ్లను రెండు జట్లు చేసి ఐదేళ్లు చూశారు, 1996లో అచ్చైంది. మూత్రం రెండు లీటర్లు దాటేట్టు తాగిన 99 మందిలో 12 మందికి మళ్లీ వచ్చింది. ఏమీ మార్చుకోని 100 మందిలో 27 మందికి. సగానికన్నా తక్కువ. ఇంత చవకైన మందు ఇంకోటి లేదు. కానీ 12 మందికి వచ్చింది కూడా చూడండి, నీళ్లొక్కటే చాలదు.

రాగిసంగటి (ఆదోని)
తిండి సంగతి నేను రాస్తాను. హంద్రీగట్టన్నా, ఆ వాట్సాప్ జాబితాలో ఉండాల్సిన మొదటి పేరే లేదు. ఉప్పు.

ఉప్పు ఎక్కువైతే కిడ్నీ సోడియంతో పాటు కాల్షియంను కూడా మూత్రంలోకి వదిలేస్తుంది. రోజుకు అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే తల కొట్టిన ఒక చిన్న చెంచా. మన ఇళ్లలో ఊరగాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఊరుబిండి, మజ్జిగలో ఉప్పు, పైన బజ్జీల బండి. ల్యాబన్న చెప్పిన పరీక్షలో సోడియం అంకెను (మిల్లీమోల్‌లో ఉండేది) 17తో భాగించండి. 170 వస్తే 10 గ్రాముల ఉప్పు తింటున్నట్టు. "మేం ఉప్పు తక్కువే తింటాం" అనే మాటకు ఆ అంకె జవాబు చెప్తుంది.

పాలు, పెరుగు మానొద్దు. రాయిలో కాల్షియం ఉంది కాబట్టి తినే కాల్షియం మానాలనేది పైకి సరిగ్గానే వినపడుతుంది గానీ లోపల జరిగేది వేరు. తిన్న కాల్షియం పేగులోనే తిండిలోని ఆక్సలేట్‌ను పట్టుకుని దొడ్డిలో పోయేట్టు చేస్తుంది. కాల్షియం లేకపోతే ఆక్సలేట్ ఒంటరిగా రక్తంలోకెక్కి మూత్రంలోకొస్తుంది. ఇదీ ఇటలీలోనే చూశారు, 2002లో. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి ఐదేళ్లలో మళ్లీ రాయి, కాల్షియం మామూలుగా ఉంచి ఉప్పూ మాంసమూ తగ్గించిన 60 మందిలో 12 మందికే. రోజుకు 1000 నుంచి 1200 మి.గ్రా. కావాల. కాలు లీటరు పాలలో దాదాపు 300, వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350. రాగిలో ఆక్సలేటూ ఉంటుంది కాబట్టి సంగటితో పాటు పెరుగో, ఉప్పు లేని మజ్జిగో పక్కన ఉండాల. ముఖ్యం ఏందంటే భోజనంతో పాటే. కాల్షియం మాత్ర వాడాల్సొస్తే అది కూడా భోజనం మధ్యలోనే, ఖాళీ కడుపున వేసుకుంటే రాయికి సాయం చేసినట్టు.

ఆక్సలేట్‌లో అన్నిటికన్నా పైనుండేది పాలకూర. తోటకూర, చుక్కకూర, బీట్‌రూట్, బాదం కూడా ఆ వరసలోవే. ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే ఆక్సలేట్ బాగా తగ్గుతుంది. కానీ మనం ఆకును పప్పులో వేసి ఎనుపుతాం, ఆ నీళ్లెక్కడికి పోతాయి? పప్పులోనే. చుక్కకూర పప్పు తినాలనుకుంటే ఆకు విడిగా ఉడికించి పిండి వేయండి, వారానికొకసారి, పెరుగన్నంతో ముగించండి. మెంతికూర, క్యాబేజీ, సొరకాయ, బీరకాయలకు భయం లేదు. శెనక్కాయలు గుప్పెడు పర్వాలేదు. అనంతపురం వాళ్లను శెనక్కాయ మానమంటే ఎవరూ వినరు కూడా.

టమోటాలో ఆక్సలేట్ చానా తక్కువ. గింజలు పోయి కిడ్నీలో ఇరుక్కుంటాయనేది కట్టుకథ, పేగుకూ కిడ్నీకీ మధ్య గింజ పోయే దారి లేదు. పత్తికొండ టమోటా మార్కెట్ మూసేయాల్సిన పని లేదు.

మాంసం మాత్రం తగ్గించాల. నాటుకోడి, పొట్టేలు, ముఖ్యంగా కార్జం. మూత్రం పులుపెక్కుతుంది, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, రాయిని అడ్డుకునే సిట్రేట్ తగ్గుతుంది. మూడూ ఒకేసారి. విటమిన్ సి మాత్రలు రోజూ 1000 మి.గ్రా. వేసుకునే అలవాటుంటే ఆపండి, ఒంట్లో అది ఆక్సలేట్‌గా మారుతుంది.

గండికోట (జమ్మలమడుగు)
ఇన్ని అంకెలు ఎందుకప్పా. ఉలవచారు, కొండపిండాకు కషాయం, రణపాల ఆకు, అరటి దవ్వ రసం. మన పెద్దోళ్లు వీటితోనే పడగొట్టినారు. బీరు కూడా పనిచేస్తుందంటారు.

గడియారస్తంభం (అనంతపురం)
గండికోటన్నా, 4, 5 మిల్లీమీటర్ల లోపు రాయి మూడింట రెండొంతుల మందికి ఏ మందూ లేకుండానే పడిపోతుంది. ఆ వారంలో ఏది తాగితే దానికి పేరొస్తుంది. ఉలవచారు తాగండి, తప్పులేదు, ఉప్పు తగ్గించి. అరటి దవ్వ రసం కూడా అంతే, లోపలికి నీళ్లు పోతున్నాయి కదా.

రణపాల మీద మాత్రం హెచ్చరిక. ఆ ఆకులో గుండె మీద పనిచేసే పదార్థాలున్నాయి. గుండె మందు డిగాక్సిన్ వాడేవాళ్లు ముట్టుకోవద్దు. కిడ్నీ ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లు ఏ కషాయమూ సొంతంగా వద్దు. బీరు మూత్రాన్ని ఎక్కువ చేసి తర్వాత ఒంటిని ఎండగడుతుంది, యూరిక్ యాసిడ్ పెంచుతుంది. ఆ సలహా ఇచ్చేవాళ్లకు బీరు మీద ప్రేమ, రాయి మీద కాదు.

గండికోట (జమ్మలమడుగు)
సరే సరే. బీరు మాట వెనక్కి. ఉలవచారు మాత్రం వదలను.

మందుల_అంగడి (ప్రొద్దుటూరు)
కౌంటర్ దగ్గర రోజూ జరిగే పొరపాటు ఒకటి చెప్పాల. "మూత్రం మంట టానిక్" అని అడిగితే ఇచ్చేది డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్. రాళ్లవాళ్లకు డాక్టరు రాసేది పొటాషియం సిట్రేట్. సీసాలు ఒకే మాదిరి ఉంటాయి, రెండూ పుల్లగానే ఉంటాయి. మొదటిదాంట్లో 5 మి.లీ.కు దాదాపు 240 మి.గ్రా. సోడియం. పది మి.లీ. చొప్పున మూడు పూటలా తాగితే 1400 దాటుతుంది. మామూలు ఉప్పంత చెడు కాకపోయినా, పక్కన ఉప్పు తగ్గించుకుంటూ ఇది తాగేది ఎందుకు? సీసా వెనక చిన్నక్షరాలు చదవండి. వంటసోడా నీళ్లలో కలిపి తాగేవాళ్లదీ ఇదే కథ, చెంచాకు 1200 మి.గ్రా. పైనే సోడియం.

పొటాషియం సిట్రేట్ సిరప్ సాధారణంగా 5 మి.లీ.కు 1100 మి.గ్రా. ఉంటుంది. గ్లాసు నీళ్లలో కలిపి, భోజనం అయినాక. చిక్కగా తాగితే కడుపులో మంట, విరేచనాలు. మాత్రలైతే నమలొద్దు, విరగ్గొట్టొద్దు. మాత్ర పెంకు దొడ్డిలో కనపడితే మందు పనిచేయలేదని కాదు, మందు దిగిపోయి మైనం మిగిలింది అంతే.

దీన్ని ఎవరూ సొంతంగా మొదలుపెట్టొద్దు. క్రియాటినిన్ పెరిగినవాళ్లకు, బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి గానీ, స్పైరనోలాక్టోన్ గానీ వాడేవాళ్లకు రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు, గుండె మీదకొస్తుంది. మొదలుపెట్టిన కొన్ని వారాలకు పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోవాల. పీహెచ్ పట్టీలు దొరుకుతాయి, మూత్రం తాజాగా ఉన్నప్పుడే ముంచి చూడండి. యూరిక్ యాసిడ్ రాయికి 6 నుంచి 6.5 మధ్య ఉంచుతారు. 7 దాటితే ఇంకో చిక్కు, ఈసారి కాల్షియం ఫాస్ఫేట్ కట్టడం మొదలవుతుంది.

మూత్రంలో కాల్షియం ఎక్కువ పోయేవాళ్లకు థయజైడ్ మాత్రలు రాస్తారు. 2023లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పరీక్షలో హైడ్రోక్లోరోథయజైడ్ 12.5, 25, 50 మి.గ్రా. ఏ మోతాదూ మందు లేని ఉత్త మాత్ర కంటే చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. అందుకని ఇప్పుడు డాక్టర్లు అందరికీ రాయడంలేదు. రాసినా ఉప్పు తగ్గించకపోతే ఆ మందు సరిగ్గా పనిచేయదు.

హంద్రీగట్టు (కర్నూలు)
నిమ్మకాయ నీళ్లతో సిట్రేట్ పెరగదా? బజార్లో సోడా తాగితే సరిపోతుందా?

రాగిసంగటి (ఆదోని)
రోజుకు రెండు మూడు కాయల రసం నీళ్లలో పిండుకుని, ఉప్పూ చక్కెరా లేకుండా తాగితే కొంత పెరుగుతుంది. బజార్ సోడాలో చెంచా ఉప్పు పడుతుంది కాబట్టి ఆ లాభం అక్కడికక్కడే పోతుంది. "ఉప్పు లేకుండా" అని ముందే చెప్పాల, వేసినాక చెప్పి లాభం లేదు. నిజానికి మన చీనీకాయ రసం నిమ్మ కన్నా మెరుగు, దాంట్లో సిట్రేటుతో పాటు పొటాషియం ఉండి మూత్రం పులుపును తగ్గిస్తుంది. ఒక గ్లాసు, చక్కెర కలపకుండా. షుగరున్నవాళ్లు రసం వద్దు, నిమ్మనీళ్లే.

ఓఆర్‌ఎస్ పొడి ఎండాకాలం రోజూ కలుపుకుని తాగేవాళ్లున్నారు. అది విరేచనాలకు, వడదెబ్బకు. లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు పడుతుంది దాంట్లో.

తాడిపత్రి_బండలు
బోరు నీళ్ల గురించి కూడా ఎవరైనా చెప్పండి. మా పక్క గట్టినీళ్ల వల్లే రాళ్లని అందరి నమ్మకం. గిన్నెలకు తెల్లగా పట్టేదే కిడ్నీకీ పడుతుందంటారు.

గడియారస్తంభం (అనంతపురం)
గిన్నెకు పట్టేది నీళ్లు ఆవిరైతే మిగిలే సున్నం. కిడ్నీలో అట్ల జరగదు. గట్టినీళ్లలోని కాల్షియం కూడా పేగులో ఆక్సలేట్‌ను పట్టుకునేదే. ఫ్లోరైడ్ వేరే సమస్య, అది పళ్లకూ ఎముకలకూ చేటు, దానికోసం మంచి నీళ్లు తెచ్చుకోవాల్సిందే. కానీ రాళ్ల భయంతో ప్యూరిఫయర్ నీళ్లు కొలిచి కొలిచి రెండు లీటర్లే తాగేకన్నా ఏ మంచినీళ్లైనా నాలుగు లీటర్లు తాగేది మేలు.

కడప_ల్యాబు
నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ఉండాల ఇక్కడ.

నొప్పి జోరుగా ఉన్నప్పుడు లీటర్లకొద్దీ నీళ్లు తాగితే రాయి కొట్టుకుపోదు, వాంతులెక్కువవుతాయి. డైక్లోఫెనాక్ బాగా పనిచేస్తుంది, కానీ క్రియాటినిన్ పెరిగినవాళ్లకు, కడుపులో పుండున్నవాళ్లకు కాదు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి పోయే నాళం కింది భాగంలో 5 నుంచి 10 మి.మీ. రాయికి డాక్టరు నాళాన్ని వదులు చేసే టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. కొన్ని వారాలు రాయొచ్చు. అది బీపీ దించుతుంది, రాత్రి తిన్నాక వేసుకోవాల, మంచం మీద నుంచి దిగ్గున లేవొద్దు.

నొప్పితో పాటు చలిజ్వరం వచ్చిందంటే తెల్లారేదాకా ఆగొద్దు. రాయి అడ్డంపడి వెనక చీము కట్టిన కిడ్నీ గంటల్లో ప్రాణం మీదకు తెస్తుంది. అప్పుడు ముందు చేసేది రాయి తీయడం కాదు, స్టెంటో (నాళంలో పెట్టే సన్నటి గొట్టం) వీపు నుంచి గొట్టమో వేసి మూత్రానికి దారివ్వడం. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, ఒకే కిడ్నీ ఉన్నా, గర్భిణి అయినా ఆగకుండా ఆసుపత్రికి పోవాల. కర్నూలు పెద్దాసుపత్రికో, అనంతపురం సర్వజనాసుపత్రికో, కడప రిమ్స్‌కో, ఏది దగ్గరైతే అక్కడికి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, పాత స్కానింగులు, మందుల చీటీ సంచిలో పెట్టుకుని పోండి.

మందుల_అంగడి (ప్రొద్దుటూరు)
స్టెంట్ అన్నారు కాబట్టి. ఆపరేషన్‌లో లోపల పెట్టిన డీజే స్టెంట్ మళ్లీ తీయించుకోవాలని చానామందికి తెలియదు, నొప్పి పోయింది కదా అని ఊరుకుంటారు. స్టెంట్ ఉన్నన్నాళ్లు మాటిమాటికి మూత్రం, పోసేటప్పుడు నడుములో పోటు, ఎక్కువ నడిస్తే కొంచెం రక్తం ఉంటాయి, భయపడొద్దు. కానీ రాళ్లు కట్టే ఒంట్లో దాని మీద కూడా రాయి పేరుకుంటుంది. మూడు నెలలు దాటనీయొద్దు. ఏడాది మర్చిపోయిన స్టెంట్ తీసేది అసలు ఆపరేషన్ కన్నా కష్టం. డిశ్చార్జి కాగితంలో తీసే తేదీ రాయించుకుని గోడ క్యాలెండర్లో గుండ్రం చుట్టండి.

హంద్రీగట్టు (కర్నూలు)
ఇంకొక్కటి. ప్రతి స్కానింగులో "3 మి.మీ. కాన్‌క్రీషన్" (చిన్న రాయి) అని రాస్తున్నారు. దానికీ మందు వాడాలా?

గడియారస్తంభం (అనంతపురం)
అవసరం లేదు. అల్ట్రాసౌండులో చిన్న రాళ్ల కొలత ఉన్నదానికన్నా పెద్దదిగా వస్తుంది, కొన్నిసార్లు రాయే కాని చోట కూడా మెరుపు కనపడుతుంది. ఏడాదికొకసారి, వీలైతే ఒకేచోట తీయించుకుని పాతదాంతో పోల్చండి. పెరుగుతుంటే అప్పుడు ఆలోచించాల. నాళంలో ఇరుక్కున్న రాయి మాత్రం అల్ట్రాసౌండుకు దొరక్కపోవచ్చు, దానికి మందు ఎక్కించని సీటీ.

హంద్రీగట్టు (కర్నూలు)
సరే. ముందు ఆ 24 గంటల పరీక్ష. పని మానుకోకుండా ఎట్ల చేయాల?

కడప_ల్యాబు
శనివారం ల్యాబుకు పోయి రెండు డబ్బాలూ తెచ్చుకోండి, ఒకటి ఆమ్లంతో, ఒకటి ఉత్తది. రెండూ ఒకే రోజు నింపలేరు, కాబట్టి ఈ ఆదివారం ఒకటి, వచ్చే ఆదివారం ఇంకోటి. ఏది నింపితే అది మర్నాడు సోమవారం పొద్దున పనికి పోయే దారిలో ఇచ్చేయండి. రోజూ వేసుకునే మందుల పేర్లు డబ్బా మీద కాదు, విడి కాగితం మీద రాసివ్వండి, తడికి చెరిగిపోతాయి.